గంగావతికి వెళ్ళిన గది

రెడ్డిగూడెం దశరథరామయ్యగారికి రెండు విషయాల్లో పేరుండేది. ఒకటి, ఆయన తోట మామిడికి పులుపు తగలదని. రెండోది, ఆయనకి పరాయి ఇంట్లో నిద్ర పట్టదని. మొదటిదాన్ని నూజివీడు షావుకార్లు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. రెండోదాన్ని చెప్పుకుని ఊరంతా నవ్వేది. నేను పదకొండేళ్ళు ఆయన జీపు తోలాను. నవ్వినవాళ్ళలో నేనే ముందుండేవాణ్ణి.

ఆయన అత్తగారిది పక్కూరే. పెళ్ళి జరిగిన మూడు రోజులూ ఆయన భోజనాలు కాగానే బండి కట్టించుకుని రెడ్డిగూడెం వచ్చి, తన నులకమంచం మీద పడుకుని, తెల్లారేసరికి మళ్ళీ పందిట్లో హాజరయ్యేవారట. "పీటల మీద ఆవలించకుండా కూర్చున్నారు జోజీ, అదే పదివేలు" అనేది ఆయన భార్య సీతారావమ్మగారు. చాట్రాయిలో మేనల్లుడి పెళ్ళికి నేనే తీసుకెళ్ళాను. ఇంటాయన మెత్తటి పరుపు వేయించాడు. రామయ్యగారు పొద్దుపొడిచే దాకా అరుగు మీద కూర్చుని, పొద్దున్నే కళ్ళు ఎర్రగా చేసుకుని "పోదామా" అన్నారు. పరుపు మడత కూడా నలగలేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉండేది గానీ, దాని బరువంతా సీతారావమ్మగారి మీద పడింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ చూసిన దూరం బెజవాడ. పొద్దున వెళ్ళి దీపాలవేళకి వచ్చేయాలి కదా! పోనీ ఒక్కతే వెళ్ళొచ్చుగా అంటే, తను ఎదురుగా లేకపోతే ఆయనకి ముద్ద దిగదని ఆవిడ బెంగ. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

ఆవిడకి సుభద్ర అని ఒక్కతే చెల్లెలు. సుభద్రమ్మనీ రెడ్డిగూడెమే ఇచ్చారు. ఇద్దరి తోటలకీ మధ్య ఒక్క కంచె. చెల్లెలి భర్త వెంకటకృష్ణారావుగారికి తుంగభద్ర నీళ్ళ పిచ్చి పట్టింది. అటు గంగావతి వైపు నల్లరేగడి చవగ్గా వస్తోందని, ఇక్కడి కుటుంబాలు ఎన్నో తోటలు అమ్ముకుని వెళ్ళి, కాలవల పక్కన క్యాంపులు కట్టుకుంటున్న రోజులు. ఆయనా అమ్మేశాడు, వెళ్ళిపోయాడు. ఆరేళ్ళయినా సుభద్రమ్మ మళ్ళీ రెడ్డిగూడెంలో అడుగు పెట్టలేదు. "అమ్ముకున్న చెట్ల పక్కనుంచి నడిచి నీ ఇంటికి ఎలా రానక్కా" అని రాసేది. అక్క వెళ్ళలేదు, చెల్లెలు రాలేదు, ఉత్తరాలు తిరుగుతుండేవి.

అరవయ్యో సంవత్సరం కార్తీకంలో వచ్చిన ఉత్తరం వేరే రకంగా ఉంది. క్యాంపు భూమి చౌడుబారిపోయిందట. వైశాఖ పున్నమి వెళ్ళగానే ఇల్లు పీకేసి, కాలవ కొత్తగా తవ్వుతున్న చోటికి, ఇంకా లోపలికి వెళ్ళిపోతారట. అక్కడికి రోడ్డు లేదు, పోస్టు లేదు. "ఇంక ఉత్తరం కూడా ఎప్పటికి రాస్తానో తెలియదక్కా. ఈలోగా నిన్నొకసారి చూడాలనుంది." అంతే రాసింది.

సీతారావమ్మగారు మొగుణ్ణి ఏమీ అడగలేదు. ఉత్తరాన్ని ఉప్పుజాడీ వెనక పెట్టుకుని, కూరలో ఉప్పు వేసినప్పుడల్లా తీసి చదువుకునేది. వారం రోజులు ఉప్పెక్కువైన కూరలు తిన్నాక రామయ్యగారు జీపు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"జోజీ, ఈ జీపు ఒక గదిని లాగుద్దా?"

"ఏ గదండీ?"

"నా గదేరా. నేను పడుకునేది."

ఆయనకి కోపం వస్తే చాలాసేపు పోదని తెలుసు కాబట్టి నవ్వు మింగాను. కానీ ఆయన నిజంగానే అన్నారు. బెజవాడలో పాత ఇనుము కొట్టు వెనక, యుద్ధంనాటి మిలిటరీ ట్రైలరు ఒకటి పడుంది. తెచ్చాం. మా ఊరి వడ్రంగి యలమందని పిలిచారు. ట్రైలరుని తోటలో, ఇంటి వెనక ఖాళీలో నిలబెట్టి, దాని మీద టేకు పలకలతో గది మొదలుపెట్టాడు యలమంద. మార్గశిరం చలిలో చెక్క చిత్రిక పట్టే చప్పుడుకి ఊరంతా వచ్చి చూసి పోయేది. కొత్త మంచం చేస్తానన్నాడు వాడు. "మంచం నాదే. దాని చుట్టూ గది కట్టు" అన్నారు రామయ్యగారు. నులకమంచం నాలుగు కాళ్ళూ నేలచెక్కకి బిగించారు. రెండు కిటికీలు, ఒక తలుపు, పైన తాటాకు చాప పరిచిన కప్పు. సీతారావమ్మగారు గోడలకి ఎర్రమన్ను పూసి ముగ్గు పెట్టింది. చక్రాల మీదున్న గడపకి పసుపు రాస్తుంటే ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది. నాకు అప్పుడు మొదటిసారి అనిపించింది, ఇన్నాళ్ళూ మేం నవ్విన నవ్వంతా ఈవిడ మీద నవ్వాం కదా అని.

చైత్రం చివర్లో అంతా సిద్ధమైంది. కొబ్బరికాయ కొట్టి, జీపు తగిలించి కదిలించాను. ఇరవై గజాలు పోగానే పైన గర్రుమంది. దిగి చూస్తే, బాట మీదికి చాపుకున్న పెద్దరసం మామిడి కొమ్మలు గది కప్పుకి ఆనుకుని ఉన్నాయి. కొమ్మ నిండా కాయలు. తోటలోంచి బయటికి అదొక్కటే బాట.

"నేను కొలిచానండీ! జానెడు పైకే ఉందండీ!" అని యలమంద గోలపెట్టాడు. కొలిచాడు, నిజమే. మార్గశిరంలో కొలిచాడు, కొమ్మ మీద ఒక్క కాయ లేనప్పుడు. కాపు మీద కొమ్మ వంగుతుందని మా ప్రాంతంలో నడక రాని పిల్లలకి కూడా తెలుసు. మామిడిచెట్ల కింద పుట్టి, వాటి కింద తలలు నెరిసిన ముగ్గురం, నాలుగు నెలలు ఆ గది చుట్టూ తిరిగి, ఒక్కడికీ ఆ ముక్క తట్టలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఊతకర్రలు పెట్టి లేపి చూశాం. కొమ్మ మొదట్లో చిటుక్కుమంది. "ఆపండ్రా!" అని రామయ్యగారు తన చెయ్యి విరిగినట్టు అరిచారు. కప్పు దించి కట్టాలంటే యలమందకి పదిహేను రోజులు కావాలి. పున్నమికి మిగిలింది పధ్నాలుగు. దారికే పది పడుతుంది. కొమ్మ నరకడం గురించి మాట కూడా ఎవరూ ఎత్తలేదు. కాయలు కోసేస్తే కొమ్మ తనంతట తనే లేస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరికీ నోరు రావడం లేదు. ఎందుకంటే టెంక ముదరని కాయని ఆయన ఎన్నడూ కొయ్యలేదు. పక్క తోటలవాళ్ళు ధర బాగుందని లేతకాయ దించి బళ్ళకెత్తిన రోజుల్లో కూడా, ఆయన కాయలు కోసే చిక్కం అటక మీదే ఉండేది. ఆ కాయలకి ఇంకా మూడు వారాలు కావాలి.

సీతారావమ్మగారు గదిలోంచి మంచినీళ్ళ కుండ దింపుకుంది. "పోనిద్దురూ. రాత లేదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లారి నేను వెళ్ళేసరికి రామయ్యగారు గది కప్పు మీద కూర్చుని ఉన్నారు. చిక్కం కూడా వాడలేదు. ఒక్కో కాయనీ చేత్తో పట్టుకుని, తొడిమ తిప్పి, తడిబట్టతో కారిన జీడి తుడిచి, కింద యలమంద చేతికి అందిస్తున్నారు. పది కాయలు తీసేసరికి కొమ్మ బెత్తెడు లేచింది. ఇరవై తీసేసరికి కప్పుకీ దానికీ మధ్య వెలుతురు కనపడింది. బరువు దించుకుంటూ కొమ్మ మెల్లగా, ఎవరూ పట్టుకోకుండా, నిద్రలో చెయ్యి పైకి చాపుకున్నట్టు లేస్తూ పోయింది. సీతారావమ్మగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

కాయలన్నిటినీ వరిగడ్డిలో పేర్చి మంచం కింద పెట్టారు. "ముడత పడతాయేమో" అన్నారు రామయ్యగారు. "పడితే పడనీండి" అంది ఆవిడ.

బయల్దేరాం. మైలవరం, బెజవాడ, బ్యారేజీ, నరసరావుపేట. గంటకి పది మైళ్ళు దాటితే గది ఊగేది, ఊగితే లోపల్నుంచి కర్రతో టకటకా కొట్టేవారు. ఊరూరా జనం మూగేవారు. వినుకొండలో ఏ డ్రామా కంపెనీ అన్నారు. మార్కాపురంలో ఒకాయన జబ్బుపడ్డ ఎద్దుని తోలుకొచ్చి, పశువుల డాక్టరు గదిలో ఉన్నారా అని అడిగాడు. మొదట్లో చికాకుపడ్డాను. తర్వాత్తర్వాత అదేమైందో, ఆ దారి నన్ను మెత్తబరిచింది. నల్లమల ఘాటులో చక్రాల వెనక రాళ్ళు పెట్టుకుంటూ, జానెడు జానెడు ఎక్కుతుంటే, ఎక్కడో అడవిపువ్వు వాసన. అద్దంలో చూస్తే వెనక ఒక ఇల్లు నిశ్శబ్దంగా మా వెంట వస్తుండేది, ముగ్గుతో, పసుపు గడపతో. రెడ్డిగూడేన్ని తాడు కట్టి లాక్కుపోతున్నట్టుండేది నాకు.

వాళ్ళిద్దరూ మంచం మీద కూర్చుని, వెనక కిటికీలోంచి, వెనక్కి జారిపోయే రోడ్డుని చూసేవారు. ఆవిడ ప్రతి ఊరి పేరూ నన్నడిగి రెండుసార్లు పైకి అనుకునేది. నంద్యాల దాటాక చెట్టూ చేమా పల్చబడి, గుత్తి దగ్గరికి వచ్చేసరికి నేలా ఆకాశమూ మాత్రమే మిగిలాయి. "ఇంత నేల, నీడకి ఒక్క చెట్టు లేదే" అని రామయ్యగారు దిగులుపడ్డారు. కానీ ఏ ఊరి చివర ఆపినా, తలుపు వేసుకుని తన మంచం మీద హాయిగా నిద్రపోయేవారు. అదొక్కటీ యలమంద సరిగ్గా కొలిచినట్టే. బళ్ళారి దాటిన మధ్యాహ్నం లోపల్నుంచి టకటకమంది. ఆపాను. తలుపు తెరిచి "వాసనొస్తోంది జోజీ!" అన్నారు. వచ్చింది. నల్లరేగడి ఎండలో పెద్దరసం వాసన.

పున్నమికి మూడు రోజుల ముందు క్యాంపు చేరాం. అప్పటికే కప్పు గడ్డి దింపేశారు, వాకిట్లో సామాను బళ్ళు. సుభద్రమ్మ ఎండకి నల్లబడి, చిక్కి, నేను గుర్తుపట్టలేనట్టుంది. అక్కచెల్లెళ్ళు ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు తల పెట్టుకుని చాలాసేపు అలా నిలబడ్డారు. తర్వాత సుభద్రమ్మ గది గడప ఎక్కింది. గోడ ముట్టుకుంది. రామయ్యగారు గడ్డిలోంచి అన్నిటికంటే పసుపురంగు తిరిగిన పండు వెతికి ఇచ్చారు. ఆవిడ పిసికి, తొడిమ కొరికి జుర్రింది.

"పుల్లగా ఉంది బావా" అంది, నవ్వుతూ, ఏడుస్తూ.

రామయ్యగారి తల వంగిపోయింది. "ముదరకుండా కోశానమ్మా. నీకే మొదటిసారి ఇలాంటి పండు పెట్టాను."

"నాకోసం కోశావా?" అంది. టెంక తెల్లబడే దాకా చీకి, "అక్కా, ఒక్క క్షణం నడుం వాలుస్తాను" అని ఆ మంచం మీద ఒరిగింది. ఒరిగిన మనిషి ఒరిగినట్టే నిద్రపోయింది. భోజనాలవేళ దాటింది, పొద్దు వాలింది. వెంకటకృష్ణారావుగారు గుమ్మంలోకి వచ్చి, "ఆరేళ్ళలో ఇట్లా పడుకోవడం చూడలేదన్నయ్యా" అన్నాడు గొంతు తగ్గించి. రామయ్యగారు గది మెట్టు మీద కూర్చుని, అటుగా వచ్చిన కోళ్ళని సైతం చేతి విసురుతో తోలారు.

రెండు రోజులు అలాగే గడిచాయి. గదిలో అక్కచెల్లెళ్ళు పడుకునేవారు, ఆయన బయట బండి చక్రానికి ఆనుకుని కూర్చునేవారు. మూడో రోజు పొద్దున్నే నన్ను పిలిచి, "హుక్కు విప్పు" అన్నారు.

"గదెట్లా వస్తుందండీ?"

"రాదు. వాళ్ళ ఎడ్లని కట్టమను. అక్కడ కొత్తగా ఇల్లు లేచే దాకా ఆ పిల్ల ఎక్కడ పడుకుంటుంది?"

సీతారావమ్మగారు మొగుడి వంక చూసింది. పదకొండేళ్ళలో ఆవిడ ఆయన్ని అలా చూడటం నేను చూడలేదు. "మీ మంచమండీ" అంది. "నాకు తెలుసులే" అన్నారాయన.

గది కాలవగట్టు వెంబడి, ఎడ్ల వెనక, ఊగుతూ వెళ్ళింది. వెనక కిటికీలో సుభద్రమ్మ చెయ్యి కనపడినంతసేపు కనపడింది. మేం జీపులో తిరుగుదారి పట్టాం. ఇంక ఆయన నిద్రలేకుండా రెడ్డిగూడెం దాకా ఎలా వస్తారోనని నాకు దిగులు. బళ్ళారి సత్రంలో కూర్చునే ఉన్నారు. గుత్తిలోనూ అంతే. నంద్యాలలో కళ్ళు రక్తంలా ఉన్నాయి.

ఘాటు ఎక్కుతుంటే పక్కసీట్లో మాట ఆగింది. చూస్తే, తల ఇనుప కమ్మీకి ఆనించి, నోరు తెరుచుకుని, గురక. మట్టి రోడ్డు, మిట్ట మధ్యాహ్నం, పరాయి అడవి. వెనకనుంచి సీతారావమ్మగారు నా భుజం తట్టి, "ఆపకు" అని సైగ చేసింది. గిద్దలూరులో నీళ్ళకి ఆగాలి, ఆగలేదు. ఇంజను కాగిపోతోంది, అయినా ఆగలేదు. ఆ దారిలో ఉన్న ప్రతి గుంటనీ ఆ మధ్యాహ్నం చుట్టి వెళ్ళాను.

ఎండ వాలాక కళ్ళు తెరిచారు. ఎక్కడున్నామని అడుగుతారనుకున్నాను.

"వాళ్ళు ఈపాటికి చేరుంటారు" అన్నారు. "సుభద్ర పడుకుందంటావా?"

"పడుకుంటుందండీ" అంది సీతారావమ్మగారు వెనకనుంచి. "మీ మంచం కదా."