కింగ్స్ ప్రాన్‌లో చేత్తో తినరాదు

చేత్తో అన్నం తినేవాణ్ణి చూస్తే మా బెన్హరన్నకి ఒళ్లు మండుతుంది. ఆయన హోటల్లో ఎవరైనా సరే, తినేది చేపల పులుసైనా సరే, ఫోర్కూ కత్తీ పట్టాల్సిందే. అంతకుముందు మెడకి అర మీటరు తెల్లగుడ్డ కట్టించుకోవాలి. మంత్రి వచ్చినా ఇదే రూలు అంటాడు. ఇంతవరకు మంత్రి ఎవరూ రాలేదు కాబట్టి ఆ మాట నిజమో కాదో తెలీదు.

బెన్హరన్న ఇంగ్లండులో ఒక పల్లెటూరి సత్రంలో పదకొండేళ్లు వంట చేశాడు. సత్రమంటే మన సత్రం కాదు. కింద భోజనం, బీరు, పైన నాలుగు గదులు, చలిమంట పక్కన ఒక కుక్క. తిరిగొచ్చి, ఇందుకూరుపేట దాటాక మైపాడు రోడ్డు మీద అలాంటిదే పెట్టాడు. బీరు లేదు, గదులు లేవు. కుక్క మాత్రం దానంతటదే వచ్చి చేరింది. గేటు దగ్గర కిరీటం పెట్టుకున్న రొయ్య బొమ్మ వేలాడుతుంటుంది. పేరు కింగ్స్ ప్రాన్.

నా పేరు కలీం. ఆ హోటలెదురుగా రొయ్యల మేత అమ్ముతాను. ఏడాదిగా మధ్యాహ్నం భోజనం అక్కడే.

కూర్చోగానే అన్నం పెట్టడు. ముందు వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడాలి. అక్కడి మర్యాద అదేనట.

"ఈ పొద్దు వానొచ్చేట్టుందే" అంటాడు. అది మే నెల. రోడ్డు మీద తారు కరుగుతోంది.

"ఆకలేస్తా ఉందన్నా."

"మబ్బు పట్టింది గదా అంటున్నా."

"పట్టింది. చలి గూడా పెడతా ఉంది. ఇంక అన్నం పెట్టు."

అప్పుడు సూప్ వస్తుంది. సూప్ అంటే చారే, కాకపోతే చప్పుడు చెయ్యకుండా తాగాలి. తర్వాత గిన్నెలా పొంగిన రొట్టె, దాన్నిండా మామిడికాయ వేసిన చేపల పులుసు. ఆ రొట్టె పేరు యార్క్‌షైర్ పుడ్డింగ్. పుడ్డింగ్ అన్నారు గదా అని మా ఆవిడ షమా మొదటిసారి చక్కెర అడిగింది.

ఇక అసలు యుద్ధం. ఫోర్కు తగలగానే కొరమీను ముక్కకి ప్రాణం లేచొస్తుంది. ఒకసారి నా ముక్క ఎగిరి పక్క బల్ల మీద బ్యాంకు మేనేజరు నీళ్లగ్లాసులో పడింది. ఆయన పెద్దమనిషి. "మీదేనాండీ?" అని ఫోర్కుతో తీసి ఇవ్వబోయి, దాన్ని మూడో బల్లకి పంపించాడు. గుడ్డ అర మీటరే, మా ప్రతాపం అంతకు రెండింతలు. సాయంత్రం నా చొక్కా చూసి షమా ఆ రోజు ఏ చేపో చెప్పేస్తుంది.

చేపలు తెచ్చే పేరమ్మ వారానికొకసారి తొంగిచూసి తల పట్టుకుంటుంది. "నలభై ఏళ్లుగా చేపల్ని కోస్తా ఉండా. ఉడికినాక గూడా పొడిచేది ఈడనే చూసినా."

ఇట్లా ఉంటే జనం ఎందుకొస్తారు? సగం బల్లలు ఖాళీ. ఈ వేసవి దాటితే గొప్పేనని బెన్హరన్న భార్య షారనక్క నాతో అంది. సరిగ్గా అప్పుడే రొయ్యల రైతుల సంఘం అధ్యక్షుడు ఆనందబాబు మంచి కబురు పంపాడు. నెలనెలా మీటింగు భోజనాలు, అరవై మందికి, ఇక్కడే పెట్టుకుంటారట. ఒక్కటే షరతు: చేత్తో తిననివ్వాలి. ఆ కబురు మోసుకెళ్లింది నేనే.

"కుదరదు" అన్నాడు బెన్హరన్న.

"హోటలు మూతబడతాదన్నా."

"పడితే పడనీ. ఇది ఇంగ్లండు పద్ధతి." అంతే, వంటింట్లోకి వెళ్లిపోయాడు.

నేను షారనక్క మీద పడ్డాను. ఆమె కూడా ఆ సత్రంలోనే పనిచేసిన మనిషి.

"పద్ధతా?" అందామె గొంతు తగ్గించి. "అక్కడ చేపలూ, వేయించిన బంగాళదుంపలూ చేత్తోనే తింటారు కలీం. మెడకి గుడ్డ కట్టేది చంటిబిడ్డలకి."

"మరి ఈ పిచ్చేందక్కా?"

ఆమె గడ్డంతో కిటికీ పక్క బల్ల చూపించింది. జకరయ్య మాస్టారు. నాకూ బెన్హరన్నకీ లెక్కలు చెప్పిన సారు. రెండేళ్లుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. చర్చిలో ప్రేమవిందు రోజున అన్నం ముద్ద నోటిదాకా వెళ్లక పక్కవాళ్ల మీద పడింది. ఎవరో నవ్వారు. అప్పట్నుంచి ఆయన నలుగురితో కలిసి తినడం మానేశారు. తలుపేసుకుని ఒక్కరే తినేవారు. బెన్హరన్న వెళ్లి ఎంత బతిమాలినా, "రానురా, అందరూ నా చెయ్యే చూస్తారు" అన్నారట. ఆ మరుసటి వారమే ఫోర్కుల రూలు పుట్టింది.

నేను మాస్టారి వైపు చూశాను. చెయ్యి వణుకుతోంది, పులుసు గుడ్డ మీద కారుతోంది, ఆయన హాయిగా తింటున్నారు. ఏడాదిగా ఆయన నా పక్క బల్లే. ఒక్కరోజు కూడా నేను గమనించలేదు. నా చేపని పట్టుకోవడంతోనే నాకు సరిపోయింది. నాకు సిగ్గేసింది. బెన్హరన్న మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

నేరుగా ఆనందబాబు దగ్గరికి వెళ్లి, ముఖం గంభీరంగా పెట్టుకుని ఒక అబద్ధమాడాను. "అబ్బయా, రేపు మన రొయ్యలు కొనే దొరలొచ్చి మీతో భోజనానికి కూర్చుంటే చేత్తో పిసుకుతారా? ఇది భోజనం కాదు, శిక్షణ అనుకోండి."

శిక్షణ అనేసరికి సంఘమంతా కదిలొచ్చింది. అరవై తెల్లగుడ్డలు కట్టి మేం అలిసిపోయాం. ఆ తర్వాత ఎవరి చేప ఎవరి కంచంలో ఉందో దేవుడికే తెలియాలి. ఆనందబాబు బల్ల కింద నుంచి మెల్లగా చెయ్యి పైకి తెస్తుంటే నేను గరిటెతో ఒక్కటిచ్చాను. మాస్టారు ఆయన పక్కనే కూర్చుని, "ఫోర్కు అట్టా కాదురా పట్టేది, నన్ను చూడు" అని నేర్పిస్తున్నారు. నేర్పేటప్పుడు ఇద్దరి గుడ్డలూ ఒకే రంగులో ఉన్నాయి. నెలనెలా వస్తామని ఆనందబాబు అక్కడికక్కడే చెప్పేశాడు.

భోజనాలయ్యాక అందరం కుళాయి దగ్గర చేరాం. చేతులు శుభ్రంగానే ఉన్నాయి, ముఖాలు కడుక్కోవాలి. మాస్టారు నన్ను పక్కకి పిలిచారు.

"కలీం, ఇంగ్లండులో ఇట్టా ఎవురూ తినరని నాకు తెలీదనుకున్నావా?"

"తెలిసే వస్తా ఉన్నారా సార్?"

"లెక్కల పరీక్షలో కాపీ కొట్టేటప్పుడు గూడా బెన్హరు ఇదే మొహం పెట్టేవాడు. అప్పుడూ నేను చూడనట్టే ఉన్నా. నువ్వు గూడా వాడికి చెప్పబాక."

ముఖం తుడుచుకుని మాస్టారు మళ్లీ లోపలికెళ్లారు. మెడకి కొత్త గుడ్డ కట్టమని, ఇంకో ముక్క తెమ్మని బెన్హరన్నని కేకేశారు.