సుడిగాలికి విసిరిన చెప్పు

ఈ రోజు మధ్యాహ్నం మరిపెడ దగ్గర మా పెద్దమ్మ వాళ్ల చేనుకు వెళ్లాను. కల్లంలో టార్పాలిన్ పట్టాల మీద మిర్చి ఎండబోసి ఉంది. ఇంతలో పక్క చెలకలో ఒక సుడిగాలి లేచి, దుమ్మునూ ఎండుటాకులనూ తిప్పుకుంటూ మా వైపే వచ్చింది. మన్ను కలిస్తే ఆ మిర్చిని మార్కెట్లో ఎవరూ ముట్టరు. పెద్దమ్మ కాలి చెప్పు తీసి, "థూ, పో అవతలికి!" అంటూ సుడి నడుమకు విసిరింది. అది పట్టాల దాకా రాకుండానే అణిగిపోయింది.

సుడిగాలిలో దయ్యం ఉంటుందని, చెప్పు విసిరితే పోతుందని మా వైపు నమ్మకం. నేను హనుమకొండలో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకునే మనిషిని కాబట్టి ఊరుకోలేకపోయాను.

"దయ్యం కాదు పెద్దమ్మా. నేల కాలితే వేడి గాలి మీదికి లేస్తది, చుట్టుపక్కల గాలి వచ్చి సుడి తిరుగుతది. జరసేపటికి దానంతటదే ఆగుతది."

"ఆగుతది బిడ్డా, నాకెర్కనే. గని మిర్చి మీదికొచ్చినంక ఆగితే ఏం లాభం?"

ఆమె తన చెప్పు వెతుక్కోవడానికి చెలకలోకి వెళ్లింది. అప్పుడే ఇంకో సుడి లేచింది, ముందుదానికంటే పెద్దది. పట్టాల ముందు నేనొక్కడినే ఉన్నాను. అది పక్కకు మళ్లిపోయాక చూసుకుంటే నా కుడికాలికి చెప్పు లేదు.

పెద్దమ్మ నవ్వలేదు. రెండు చెప్పులూ ఏరుకొచ్చి, నాది నా ముందు పెట్టి, "ఇంకా జర గట్టిగ ఇసరాలె," అంది.

రేపు క్లాసులో వేడి గాలి పాఠమే ఉంది. ఈ చెప్పు సంగతి పిల్లలకు చెప్పాలా వద్దా, మీరే తేల్చండి.