ఒకే గొలుసుకు మూడు తాళాలు

"ఎస్తేరూ, నూనె ఏసినావా?"

"ఏసినానక్కా."

"మీదానికేనా, మూడిటికీనా?"

"మూడిటికీ."

"అయితే ఎల్లు. సీకటి పడతాది."

మాంబేలేకూ నాకూ మధ్య నడిచిన చివరి మాటలివి. ఆ వారంలోనే ఆమె కన్నుమూసింది. ఈ ఉదయం ఆ తాళాలకు వేస్తుంటే కుట్టుమిషను నూనె నా వేళ్ళకు అంటింది. సబ్బు పెట్టి రుద్దినా వాసన పోలేదు. టీ కప్పు ఎత్తితే అదే వాసన, ముఖం తుడుచుకుంటే అదే వాసన. ఇంక ఉండబట్టలేక శిరీషను కూర్చోబెట్టి, నేను చెబుతాను రాయమ్మా అన్నాను. శిరీష నా మనవడి భార్య. కాకినాడ పిల్ల, పోర్ట్ షెప్‌స్టోన్‌లో ఉద్యోగం చేస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. నా తెలుగు మా తాతలు చెరకు నరకడానికి ఈ దక్షిణాఫ్రికాకు ఓడెక్కినప్పుడు మూటగట్టుకొచ్చిన తెలుగు, అదీ అరిగిపోయింది. నా మాటలను తను సరిచేసి రాస్తోంది. నావి ఎంతైనా సరిచెయ్యి, మాంబేలే మాటలు మాత్రం ముట్టుకోకు అని ముందే చెప్పాను.

మాంబేలే అంటే ఎంబేలే వారి ఆడపడుచు అని. ఇక్కడి ఆడవాళ్ళను పెళ్ళయినా పుట్టింటి పేరుతోనే పిలుస్తారు. ఆమె పుట్టింది నదికి అవతలి ఒడ్డున. మెట్టింది ఇవతల, జులూల ఇంట్లో. మధ్యలో పెరిగింది మాత్రం మా చెరకు ఎస్టేటు ఇళ్ళలో, బట్టలుతికే తల్లి కొంగు పట్టుకుని. అందుకే ఆమెకు తెలుగు వచ్చు. అందులోనూ తిట్లు బాగా వచ్చు. మా నానమ్మ పోయాక నాకు ఆ తిట్లు మళ్ళీ వినిపించింది ఆమె నోటనే. గోడ అవతల నుంచి "ఏటే, పొద్దెక్కినా పొయ్యి రాజెయ్యలేదు, నడుం ఇరిగిందా?" అని కేకేసేది. కేక వెనకాలే ఓ గిన్నెడు గుమ్మడాకు కూర వచ్చేది.

ఆ రోజుల్లో మా నది ఒట్టి నది కాదు, రెండు దేశాల మధ్య గీత. అవతల ట్రాన్స్‌కై. తెల్లవాళ్ళ ప్రభుత్వం దానికి వేరే జెండా ఇచ్చి వేరే దేశమంది. లోకంలో ఎవరూ ఒప్పుకోలేదట. ఒడ్డున ఉన్న మాకు మాత్రం అది దేశమే. మోకాలి లోతు నీళ్ళు దాటితే పోలీసుల బట్టలు మారిపోయేవి. నదికి ఇవతల, వంపులో, ఒక చదును నేల ఉండేది. ఒక మూల ఊటబావి, ఒక మూల మావాళ్ళ సమాధులు. నా చిన్న కూతురు మేరీని అక్కడే పెట్టాం. ఒక ఏడు పెద్ద వరద వచ్చింది. నీళ్ళు తీశాక చూస్తే నది తన దారి మార్చుకుంది. మా సమాధులు కదలలేదు, నదే వాటిని చుట్టి ఇటుపక్కకు వచ్చింది. పడుకున్నప్పుడు ఈ దేశంలో ఉన్న నేల, లేచేసరికి ఆ దేశంలో ఉంది.

నది గీత అయితే నేల మాది అన్నారు అవతలివాళ్ళు. నీళ్ళు కదిలితే నేల కదులుతుందా, మాదే అన్నారు ఇవతలివాళ్ళు. అప్పటికే నల్లవాళ్ళతో సహా అందరికీ ఓట్లు వస్తాయని, అన్నీ మారతాయని ఊరూరా మాట. గీతలు మళ్ళీ గీసేలోపు చేతిలో ఉన్నదే మిగులుతుందని అందరి భయం. కర్రలు వచ్చాయి, తర్వాత ఈటెలు వచ్చాయి. ఒక గుడిసె తగలబడింది. అప్పుడు మాంబేలే రెండు ఒడ్ల పెద్దలనూ కూర్చోబెట్టి ఒక ఉపాయం చెప్పింది. నేలకు కంచె వేయండి, గేటుకు రెండు తాళాలు వేయండి, తలా ఒకటి. ఇద్దరూ వస్తేనే తెరుచుకుంటుంది, అలాగైనా ముఖాలు చూసుకుంటారు అంది. అందరూ బాగుందన్నారు. నేనూ అన్నాను.

మా ఆయన దానియేలు ఊపిరితిత్తులు చెడి పోయారు. పోయేముందు ఆయన అడిగింది ఒక్కటే, మేరీ పక్కన పెట్టమని. పెట్టెను వ్యాన్‌లో రేవు దగ్గర నీళ్ళు దాటించి గేటు దగ్గరికి తెచ్చాం. ఇవతలి ఊరిపెద్ద, వీళ్ళు ఇండూనా అంటారు, తాళంచెవితో వచ్చాడు. అవతల నుంచి ఎవరూ రాలేదు. మేకల మీద ఏదో తగాదా వచ్చిందట, క్షమాపణ చెప్పేదాకా మా తాళం తీసేది లేదని కూర్చున్నారు. ఎండ ముదిరింది. పెట్టె మీద వేసిన పూలు వాడిపోయాయి. ఒక కుర్రాడు గొడ్డలి తెచ్చి గొలుసు తెంపుతానన్నాడు. మాంబేలే గేటుకు వీపు ఆనించి నిలబడి, గొంతు తగ్గించి జులూలో వాడికి ఏదో చెప్పింది. వాడు గొడ్డలి దించాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఈడు గొలుసు తెంపితే ఇయ్యాల ఒక్క గొయ్యి సాలదన్నాను. నువ్వేడవకే. నీ మొగుణ్ణి ఇయ్యాలే పెట్టిత్తాను" అని, లంగా ఎగగట్టి అవతలి ఊరి వైపున్న నది పాత పాయలోకి దిగింది.

వాళ్ళ అన్నను వెంటబెట్టుకుని వచ్చింది. అవతలి తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. కానీ ఆయన గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. "తీస్తాను. వీళ్ళు అడిగితే కాదు, ఇది నా నేల కనక తీస్తాను." ఇండూనా పిడికిలి బిగించాడు. "నీ నేల అన్నాక నేను తీయను. ముందు నువ్వు తీసి నా అనుమతి అడుగు." ఇద్దరి చేతుల్లోనూ తాళంచెవులున్నాయి, నా మొగుడు మాత్రం వ్యాన్‌లోనే ఉన్నాడు.

మాంబేలే దబ్బున నేల మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. "హాయిబో! తప్పు నాదే. మిమ్మల్ని కలుపుదామని ఒకడి పీక ఇంకొకడి చేతికిచ్చాను" అంది, జులూలోనే. తర్వాత లేచి, తను కూలికి వెళ్ళే యూకలిప్టస్ తోట గేటు సంగతి చెప్పింది. ఆ దారి తోటవాళ్ళకూ కావాలి, పక్క రైతుకూ కావాలి, కరెంటువాళ్ళకూ కావాలి. అందుకని ఎవరి తాళం వాళ్ళదే, ఒకదానిలో ఒకటి లంకెల్లా తగిలించి గొలుసులో కలిపేస్తారు. ఎవరైనా తమ తాళం ఒక్కటి తీస్తే చాలు, గేటు తెరుచుకుంటుంది. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు.

వాళ్ళ అన్న తన తాళాన్ని చేత్తో పట్టుకు చూశాడు. "అయితే నేల ఎవరిది?"

"నేను ఎవరి మనిషిని, అన్నా? మీ ఇంటి పేరుతో పిలుస్తారు, వాళ్ళ ఇంట్లో పిల్లల్ని కన్నాను. నన్ను నిలువునా చీల్చి పంచుకున్నారా? మీ పెళ్ళికొస్తే మీ మనిషిని, వాళ్ళ చావుకెళ్తే వాళ్ళ మనిషిని. రెండు చోట్లా నిండుగానే ఉన్నాను."

ఆమె గొలుసు కొసలు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, ఇద్దరినీ ఒక్కసారే తాళాలు తీయమంది. తీశారు. ఒకదానిలో ఒకటి తగిలించి మళ్ళీ వేయించింది. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చిన సంగతి ఆ తర్వాతిది. అప్పటిదాకా నువ్వు ముందంటే నువ్వు ముందని మొండికేసిన వాళ్ళు, ఇప్పుడు నేను తెరుస్తానంటే నేను తెరుస్తానని ఎగబడ్డారు. తెరిచినవాడిదే నేల కదా మరి! చివరికి ఒకరు తెరిచి మూశారు, ఇంకొకరు మళ్ళీ తెరిచారు. మా ఆయన లోపలికి వెళ్ళారు. మేరీ పక్కన మట్టి కప్పాం.

కొన్నాళ్ళకు మాంబేలే మా గుమ్మంలో నిలబడింది. "ఏటే, మీ తాళమేదీ?"

"మాకెందుకక్కా? మేం బయటోళ్ళం. ఓట్లయ్యాక మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటారో."

"సిగ్గులేదేటే! మట్టిలో మొగుణ్ణీ కూతుర్నీ పెట్టి బయటోళ్ళమంటావా? తే తాళం!"

పప్పులు పెట్టుకునే కొట్టుగది తాళం ఊడదీసి ఇచ్చాను. "ఈ సిలుం పట్టిన తాళమా! మీ పప్పు ఎవుడెత్తుకుపోతాడే" అంటూ పట్టుకుపోయింది. ఇండియన్లకు కూడా తాళమా అని రెండు ఒడ్లవాళ్ళూ ఒక్కమాటగా గొణిగారు. వాళ్ళు ఒక్కమాట మీద నిలబడటం అదే మొదటిసారి. ఆమె అందట, "వాళ్ళ ఎముకలు లోపలున్నాయి. మీవి ఇంకా బయటే తిరుగుతున్నాయి." మా తాళమూ ఆ గొలుసులో చేరింది. ఆ రోజుతో నేను ఈ దేశంలో అద్దెకున్నట్టు బతకడం మానేశాను.

ఓట్లయ్యాయి. అవతలి దేశం లేకుండా పోయింది. ఇంకా ఈ తాళాలెందుకు, పీకేద్దామన్నారు కుర్రవాళ్ళు. "దేశాలు పోయినాయిరా, మీ పెద్దోళ్ళ మీసాలు పోలేదుగా" అంది మాంబేలే. తాళాలు ఉండిపోయాయి. ఊటబావి దగ్గర దొంగతనం జరిగితే రెండు ఒడ్ల పెద్దలూ ఒకే దుంగ మీద కూర్చుని తీర్పు చెప్పడం నేను కళ్ళారా చూశాను. ఆమె పోయినప్పుడు శవం మాకంటే మాకని పుట్టింటివాళ్ళూ మెట్టినింటివాళ్ళూ పోటీపడ్డారు. ఎవరూ కర్ర ఎత్తలేదు. ఆ చదును నేలలోనే పెట్టారు, రెండు ఒడ్లకూ కనబడేటట్టు.

ఇప్పుడు పోర్ట్ షెప్‌స్టోన్ పక్కన మార్‌బర్గ్‌లో ఉంటున్నా, ఏటా వెళ్ళి నూనె వేసి వస్తాను. ఈ ఉదయం శిరీష కారులో తీసుకెళ్ళింది. వచ్చేటప్పుడు గేటు తనే మూసింది. గొలుసు కొసలు రెండూ దగ్గరికి లాగి మా తాళం వేసేసింది. మిగతా రెండూ పక్కన ఊరికే వేలాడుతున్నాయి.

"మూసేశాను నానమ్మా, పదండి."

"మూశావమ్మా. అందరినీ బయట పెట్టి మూశావు."

పాపం, తెల్లబోయింది. తప్పు తనది కాదు, ఎవరూ చెప్పకపోతే ఎవరైనా అలాగే వేస్తారు. వెనక్కి వెళ్ళి, పక్కవాళ్ళ తాళంలోకి మన తాళం ఎలా తగిలించాలో చూపించాను. తెరవడానికి ఎవరినీ అడగక్కర్లేదు, మూసేటప్పుడే పక్కవాణ్ణి తలుచుకోవాలి. మాంబేలే దగ్గర నేను నేర్చుకున్న చదువు అంతా ఇదే. రైకకు పిన్నుతో గుచ్చుకున్న ఈ తాళంచెవి ఇంక శిరీష దగ్గర ఉండాలి. ఇదిగో, పట్టుకో. పెన్ను కింద పెట్టు.

ఇప్పుడు మొదటి నుంచి చదువమ్మా, వింటాను. మాంబేలే "ఎల్లు" అన్నచోట మాత్రం కాసేపు ఆగు.