హాసిని అడగలేకపోయిన ప్రశ్న: కోవిల్‌పట్టి దారిలో ఒక రోజు

నాకు పుట్టుకతోనే భయం ఎక్కువ. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివరినుంచి వెనక్కి వచ్చి చూసుకునే రకాన్ని. అలాంటి నేను తొమ్మిదో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని తమిళనాడులోని కోవిల్‌పట్టి దాకా వెళ్ళొచ్చానంటే మా స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికీ నమ్మడం లేదు. ఏలూరులో నేను సాంఘికశాస్త్రం చెబుతాను. ఈమధ్య ఏ శిక్షణ తరగతికి వెళ్ళినా, పిల్లలకు గ్లోబల్ కాంపిటెన్స్ అలవాటు చేయండి, వేరే సంస్కృతుల వాళ్ళతో మెలగడం నేర్పండి అంటున్నారు. విదేశాలకు పంపే స్తోమత మా పిల్లల తల్లిదండ్రులకు లేదు. కోవిల్‌పట్టి దగ్గరి ఒక బడిలో ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదువుకునే పిల్లలున్నారని తెలిసి, శనివారాలు వీడియోలో వాళ్ళనూ మా వాళ్ళనూ కలిపాం. ఏం తిన్నారనే కబుర్లతో మొదలై చివరికి ఒకరి ఊరికి ఒకరు వెళ్ళి ఇళ్ళలో ఉండాలనే దాకా వచ్చింది. ముందు మేము వెళ్ళాలి.

అసలు భయం హాసినితో వచ్చింది. ఆ పిల్లకు వేరుశనగ పడదు. పడదంటే దద్దుర్లు వచ్చి పోయే బాపతు కాదు. ఆరో తరగతిలో ఎవరిదో పుట్టినరోజుకి చిక్కీ ముక్క కొరికి, పెదవులు వాచి, ఊపిరందక ఆసుపత్రి దాకా వెళ్ళింది. మేము పోయేదేమో కడలమిట్టాయికి, అంటే మన వేరుశనగ చిక్కీకి, పేరుపడిన ఊరు. వద్దులేమ్మా అని నేనే అన్నాను. హాసిని ఏడ్చింది. వీడియోలో జయంతి అనే అమ్మాయితో దానికి గట్టి స్నేహం కుదిరింది. చివరికి వాళ్ళ అమ్మ సుజాత ఒప్పుకుంది. ఒక్కసారిగా తొడలో పొడిచే అలర్జీ ఇంజెక్షన్ పెన్ను నా చేతికిచ్చి, "మీరున్నారనే పంపుతున్నాను టీచర్" అంది. ఆ మాటతో నాకు నిద్ర పట్టకుండా పోయింది.

మీరు వెళ్ళాలనుకుంటే దారి సులువే. ఏలూరు నుంచి పగలు చెన్నై చేరి, ఎగ్మోర్‌లో రాత్రి తిరునల్వేలి వైపు వెళ్ళే రైలెక్కితే తెల్లారేసరికి విరుదునగర్. స్లీపర్ టికెట్టు నాలుగు వందలకు అటూ ఇటూ. కోవిల్‌పట్టిలోనే దిగవచ్చు గానీ మేము విరుదునగర్‌లో దిగి, రోజంతటికీ వ్యాను మాట్లాడుకున్నాం. మూడున్నర వేలు, డీజిల్ వాళ్ళదే. డ్రైవరు రంగసామి కూడా ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే. విరుదునగర్ నూనె మిల్లుల ఊరు. స్టేషన్ బయట అడుగుపెట్టగానే వేరుశనగ నూనె వాసన ముఖానికి కొట్టింది. పిల్లలంతా ఆహా అన్నారు. నేను హాసిని ముక్కుకి చేతిరుమాలు పట్టాను. "టీచర్, వాసనకి నాకేం కాదు" అని విసుక్కుంది. అక్కడి నూనె పరోటా తినకుండా రావద్దని అందరూ చెబుతారు. మా పీఈటీ శ్రీను మాస్టారు పిల్లల్ని అటు తీసుకెళితే, నేనూ హాసినీ ఎదురు హోటల్లో ఆవిరి ఇడ్లీ తిన్నాం. చట్నీలో ఏమేశారని నేను అడిగిన తీరుకి ఆ హోటలాయన నన్ను ఆహార తనిఖీ అధికారిణి అనుకుని వంటింట్లోకి పిలిచి మరీ చూపించాడు.

సాత్తూరు దాటుతుండగా రంగసామి ముందు అరలోంచి కడలమిట్టాయి పొట్లం తీసి వెనక్కి చాచాడు. నేను కెవ్వుమన్నాను. సంగతి చెబితే అతను నమ్మలేనట్టు అద్దంలోంచి హాసినిని చూశాడు. "శెనిక్కాయ తింటే ఊపిరి ఆడదా? మా ఊర్లో బిడ్డ పుట్టినాక పాలు తర్వాత అదే కదమ్మా!" అన్నాడు. కాస్త దూరం పోయాక టీ కొట్టు దగ్గర ఆపి, ఆ పొట్లం అక్కడివాళ్ళకిచ్చి, చేతులు సబ్బుతో కడుక్కొచ్చి స్టీరింగ్ పట్టుకున్నాడు. నాకు అతని మీద ఎంత అభిమానం కలిగిందో చెప్పలేను. అయినా భయం తగ్గలేదు. ఇంతమంది మంచివాళ్ళలో ఎవరో ఒకరు ప్రేమగా ఏదో ఒకటి పెట్టేస్తారన్నదే నా గుబులు.

కోవిల్‌పట్టి బజారులో కడలమిట్టాయి కొట్లు వరసగా ఉంటాయి. వేడి బెల్లం పాకంలో గింజలు కలిపి, బల్లమీద పరిచి, కర్రతో అదిమి కోయడం చూడదగ్గదే. మీరు తప్పక చూడండి. మేము వ్యాను అద్దాలు దించకుండా దాటేశాం. అక్కడినుంచి కడంబూరు వైపు నల్లరేగడి చేలమధ్య అరగంట ప్రయాణం. ఊరు చేరేసరికి పన్నెండు దాటింది. పిల్లల్ని ఇద్దరేసి చొప్పున ఇళ్ళకు పంచారు. శ్రీను మాస్టారు బడి దగ్గర ఉన్నారు. హాసినిని నేను వదులుతానా? జయంతి వాళ్ళింటికి నేనూ వెళ్ళాను.

జయంతి నాయనమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. వెడల్పాటి మనిషి, గొంతు పెద్దది. మా ఇద్దరి చేతులూ పట్టుకుని వదల్లేదు. "రాండి రాండి! మన బాస మాట్లాడే బిడ్డలు అంత దూరం నుంచి మా ఇంటికి ఒచ్చినారే! కాళ్ళు కడుక్కోండి. శెనిక్కాయ ఒద్దని జయంతి పదిమార్లు సెప్పింది. ఇంట్లో ఒక్క గింజ లేదు, సూసుకో తల్లీ. మూట మొత్తం పక్కింట్లో పెట్టేస్తి" అంది. నిజంగానే చూశాను. వంటిల్లు కడిగి ఉంది. గిన్నెలు కొత్తగా తోమి ఎండలో ఆరేశారు. అటక మీది డబ్బాలు కూడా దింపి తుడిచారు. ఒక పిల్ల కోసం ఆ ఇల్లు పడిన పాటు చూసి నా కళ్ళు చెమర్చాయి. ఇంకా ఏదైనా అడిగితే వీళ్ళను అవమానించినట్టే అనిపించింది.

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. చుట్టం మొదటిసారి భోజనానికి కూర్చుంటే, ఇంట్లో పెద్దామె తన చేత్తో మొదటి ముద్ద పెడుతుంది. నెయ్యి పండగలకు, మొక్కులకు. చుట్టానికి మాత్రం ఆ ఏడాది సొంత చేలో పండింది చెక్కు అనే కర్ర గానుగలో ఆడించి, కొత్త నూనె వేడివేడి అన్నంలో కందిపొడితో కలిపి పెడతారు. అవ్వ ఇత్తడి చెంబులోంచి బంగారు రంగు నూనె ధారగా పోసింది. ఆ వైపు ఇళ్ళలో వంటకు నువ్వుల నూనే వాడతారని నేను ఎక్కడో చదివాను. కందిపొడి ఘాటులో వాసన తేడా తెలియలేదు, ఇదీ అదే అయివుంటుందనుకున్నాను. హాసిని నా వైపు ఒకసారి చూసింది. ఏదో అడగబోతున్నట్టు పెదవులు కదిపింది. అప్పటికే అవ్వ ముద్ద ఆమె నోటిదగ్గర ఉంది. నోరు తెరిచింది.

రెండో ముద్ద మింగేలోపే హాసిని గొంతు పట్టుకుంది. "టీచర్, దురద పెడుతోంది" అంది. పెదవులు నా కళ్ళముందే వాస్తున్నాయి. మెడమీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. మాట బొంగురుపోయింది. "అవ్వా, ఏం నూనె అది?" అని అరిచాను. అవ్వ బిత్తరపోయి, "శెక్కు నూనె తల్లీ. మా శేనిదే, మంచిది. శెనిక్కాయ ఒక్క గింజ కూడా..." అంటూ మధ్యలోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో కాయ అంటే కాయ, నూనె అంటే నూనె. పుట్టిన బిడ్డకు ఒంటికి రాసే నూనె, దెబ్బ తగిలితే పట్టే నూనె. అది కూడా వేరుశనగేనని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

పెన్ను తీశాను. మూత రాలేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, చెప్పడానికి సిగ్గేమీ లేదు. హాసినే నా చేతిలోంచి లాక్కుని మూత పీకి, తిరిగి నాకిచ్చి, తన తొడ చూపించింది. లంగా మీదనుంచే గట్టిగా నొక్కి పట్టుకున్నాను. మందు దిగేదాకా మనసులో అంకెలు లెక్కపెట్టాల్సింది పోయి, సుజాత పేరు తలుచుకున్నాను. రంగసామి వ్యాను వాకిట్లోకే తెచ్చాడు. పిల్లను వెనక సీటులో పడుకోబెట్టి కాళ్ళు నా ఒళ్ళో ఎత్తి పెట్టుకున్నాను. ఉదయం అంత దగ్గరనిపించిన కోవిల్‌పట్టి ఎంతకీ రాలేదు. దారంతా దాని ఊపిరి చప్పుడు వింటూనే ఉన్నాను. ఆ చప్పుడు తగ్గితే బాగవుతోందో ఆగిపోతోందో తెలియక మాటిమాటికీ వంగి ముక్కు దగ్గర వేలు పెట్టాను. "నేనున్నాను టీచర్" అని గొణిగింది.

ఉంది. ఇంజెక్షన్ వేళకి పడిందని ఆసుపత్రిలో డాక్టరు అన్నారు. తగ్గినట్టే కనిపించి మళ్ళీ తిరగబెట్టవచ్చట, అందుకని పర్యవేక్షణలో ఉంచుకున్నారు. సాయంత్రానికి వాపు తీసింది. అప్పుడు అడిగాను, ఎందుకమ్మా నూనె సంగతి అడగలేదని. ఇంట్లో అయితే అది ప్రతి గిన్నె దగ్గరా అడుగుతుంది. "ఆవిడ ముఖం చూశాక అడగలేకపోయాను టీచర్. అంత కడిగారు కదా. నొచ్చుకుంటారనిపించింది" అంది. నాకూ సరిగ్గా అదే అనిపించింది. పొద్దున్నుంచి అందరికీ, అన్నిటికీ భయపడిన నేను, అక్కడ ఒక్క మొహమాటానికి లొంగిపోయాను.

సుజాతకు ఫోను చేయడమే మిగిలిన గండం. చెప్పాను. ఫోను హాసినికి ఇమ్మంది. తిడితే బాగుండుననిపించింది. దానితో మాట్లాడింది, ఏడ్చింది. తర్వాత "ఆవిడ ఉన్నారా అక్కడ?" అని అడిగింది. మా వెంటే వ్యానెక్కి వచ్చిన అవ్వ ఆసుపత్రి వరండా బెంచీ మీద కొంగు నోటికి అడ్డంపెట్టుకుని కూర్చుని ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. "నా సేత్తోనే పెడితినే. బిడ్డని సంపబోతినే" అదే మాట. ఫోను ఆవిడ దగ్గరికి చాచాను. స్పీకరులో సుజాత గొంతు వినిపించింది. "అవ్వా, మీరేమైనా తిన్నారా పొద్దున్నుంచి?" అవ్వ ఫోను రెండు చేతులతో పట్టుకుని బావురుమంది.

చీకటి పడేముందు అవ్వ బయటినుంచి కొబ్బరిబోండం కొట్టించి తెచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, చేయి ముందుకు రావడం లేదు. హాసిని మంచం మీద లేచి కూర్చుని, "అవ్వా, ఇది కొట్టిన కత్తితో ఇంకేం కోస్తారు?" అని అడిగింది. అవ్వ ముఖం ఒక్కసారి వాడిపోయింది. నేను కలగజేసుకోబోయి ఆగాను. "బోండాలు తప్ప ఇంకేమీ కొయ్యడంట. నేనూ అడిగే తెస్తి" అని అవ్వ దగ్గరికొచ్చింది. "ఇంకా అడుగు తల్లీ. ఏం కావాలన్నా అడుగు." హాసిని స్ట్రా ఎక్కడిదని కూడా అడిగి, అప్పుడు తాగింది. నేను మాత్రం ఆ బోండం అయిపోయేదాకా దాని పెదవులే చూస్తూ కూర్చున్నాను.

వేరే మనుషుల ఇళ్ళలోకి పిల్లల్ని పంపేముందు మనం వాళ్ళకు నమస్కారం నేర్పుతాం, పెట్టింది వద్దనకూడదని నేర్పుతాం. ఆ మర్యాద మా హాసిని ప్రాణం మీదికి తెచ్చింది. అవతలివాళ్ళ ప్రేమను నమ్ముతూనే, వాళ్ళకు తెలియనిది ఉంటుందని గుర్తుపెట్టుకుని నోరు విప్పి అడగడం కూడా ఆ కాంపిటెన్స్‌లో భాగమేనని ఇప్పుడు క్లాసులో చెబుతున్నాను. ఎండాకాలంలో జయంతి వాళ్ళు ఏలూరు వస్తున్నారు. నాకు ఇప్పటినుంచే భయంగా ఉంది. మీరు వెళ్ళేటట్లయితే నా సలహా ఒక్కటే: ఆహారం పడని పిల్లలుంటే, ఏమేశారు, ఏ నూనె వాడారు అనే ప్రశ్నలు ఆ ఊరి మాటలో ఆ పిల్లల చేతనే బయల్దేరేముందు పదేపదే అడిగించండి. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమో అనిపిస్తే, నొచ్చుకోనివ్వండి.