నాలుగో వరుస ముంచిన ఓడరేవు

ఒక ఆదివారం మధ్యాహ్నం, పక్కన టీ గ్లాసు పెట్టుకుని, ఒక్క బొటనవేలితో నేనొక ఓడరేవును ముంచేశాను. తుపాను లేదు, ఉప్పెన లేదు. పడవలు, లైటుహౌసు, చేపల బజారు, గట్టు మీద ఆరేసిన వలలు, అన్నీ పోయాయి. పైగా ఆ రేవు నాది కాదు, మా ఆవిడది. ఇప్పుడు చెబుతుంటే మీకు నవ్వొస్తుందేమో గాని, ఆ పూట నన్ను చూసి ఉంటే మీరే లేచి మంచినీళ్లు తెచ్చిచ్చేవారు.

ముందు మనుషుల్ని పరిచయం చేయాలి. మా ఆవిడ పేరు సునీత. అమలాపురం దగ్గర పిల్ల, అబూధాబిలో ఆసుపత్రి నర్సు. మేముండేది మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో. పక్కనే ముసఫాలో అల్యూమినియం కిటికీలు చేసే వర్క్‌షాపులో నేను ఎస్టిమేటరుని. ఏ కిటికీకి ఎంత అల్యూమినియం, ఎంత అద్దం, కోతలో ఎంత వృథా అని ముందుగా లెక్కకట్టడం నా పని. ఈ విద్య కాలేజీలో చదివింది కాదు. మేస్త్రీల వెనకాల తిరిగి, తప్పులు చేసి, తిట్లు తిని నేర్చుకున్నది. అలా సొంతంగా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. లోకంలో ఏ చిక్కునైనా లెక్కలోకి దించితే చాలు, విడిపోతుందనుకుంటాడు.

సునీత ఆడేది ఒక జపాన్ వీడియో గేమ్. కరోనా రోజుల్లో మొదలుపెట్టింది. పాడుబడిన చిన్న రేవొకటి మనకు అప్పగిస్తారు. దాన్ని బాగుచేసి, పడవలు కట్టి, ఒక్కొక్కటే సముద్రంలోకి వదలాలి. అంతే. చంపుకోవడాలు, పేల్చుకోవడాలు లేవు. వార్డులో ఎవరైనా కోలుకుని ఇంటికి వెళ్తే, ఆ రోజు ఆవిడ ఒక పడవ కట్టి వాళ్ల పేరు పెట్టి వదిలేది. హమీద్ చాచా ఒక పడవ. లూసీ ఒక పడవ. పేరు సరిగ్గా అడగలేకపోయిన నేపాలీ కుర్రాడు 'భాయ్' అని ఇంకో పడవ. ఆటలో పొద్దుగూకే వేళ అవన్నీ దీపాలు పెట్టుకుని రేవులోకి తిరిగొస్తుంటే, ఆవిడ అలాగే చూస్తూ కూర్చునేది. అప్పుడు నేను కూడా పక్కన చేరి చూసేవాణ్ణి.

చిక్కల్లా మూడో భాగంతో వచ్చింది. మొదటి రెండు భాగాలు ఇంగ్లీషులో వచ్చాయి. మూడోది జపాన్‌లో విడుదలై అక్కడే ఆగిపోయింది. పశ్చిమ దేశాల కోసం దాన్ని ఇంగ్లీషులోకి మార్చే ఆలోచన ప్రస్తుతానికి లేదని కంపెనీవాళ్లు ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

"మనం పశ్చిమం ఎప్పుడయ్యాం?" అని అడిగాను.

"గేముల కంపెనీల లెక్కలో గల్ఫ్ కూడా అందులోదేనంట."

"జపాన్‌లో నిలబడి చూస్తే అమలాపురం కూడా పడమరే."

"నవ్వండి, నవ్వండి. ఆడేది మీరు కాదుగా."

ఈ ఆట అభిమానులకు నెట్‌లో ఒక గుంపు ఉంది. అందులో రోజూ సగం ఏడుపు, సగం కోపం. ఒకావిడ ఉక్రోషం పట్టలేక జపనీస్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒకాయన కంపెనీ వెబ్‌సైటును పొద్దునా సాయంత్రం కాపలా కాసేవాడు. అందులో ఏ మూల రంగు మారినా, ఇది ఇంగ్లీషు వస్తుందనడానికి సూచనేనా అని గుంపంతా చర్చ. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఎందుకు ఆగారని ఆడపిల్లవాళ్లు తర్జనభర్జన పడతారు చూడండి, అచ్చం అలాగే. సునీత కూడా కంపెనీకి మర్యాదగా ఉత్తరాలు రాసేది.

"ఇంగ్లీషులో రాస్తున్నావు. వాళ్లకి ఇంగ్లీషు మీద అంత ప్రేమే ఉంటే ఈ గొడవే లేదు కదా," అన్నాను ఒకసారి. ఆ సాయంత్రం నాకు టీ రాలేదు.

చివరికి దుబాయ్‌లో, నైఫ్ బజారు సందుల్లోని ఒక చిన్న దుకాణంలో మూడో భాగం జపాన్ గేమ్ కార్డే దొరికింది. రెండో భాగంలోని రేవును పడవలతో సహా ఇందులోకి తెచ్చుకోవచ్చు. తెచ్చుకుంది కూడా. కానీ తెర నిండా జపాన్ అక్షరాలు. ఫోను కెమెరా పెడితే తర్జుమా చేస్తుందన్నారు. వల బొమ్మ పక్కనున్న మాటకు పెట్టి చూశాం. 'పీతగారి అత్తకు గౌరవం ఇవ్వండి' అని వచ్చింది.

అప్పుడు నేను రంగంలోకి దిగాను.

"భాషెందుకు, సునీతా? వరుస చాలు."

ఇందులో నా గొప్పేమీ లేదు. ఇక్కడికొచ్చిన మనవాళ్లలో, రాని అక్షరాల మధ్య బతికే ప్రతివాడూ చేసే పనే. అరబ్బీ కాగితంలో కింది నుంచి రెండో గడిలో సంతకం. మిషన్ తెర మీద ఎడమవైపు చివరి మీట. చదవం, చోటు గుర్తుపెట్టుకుంటాం. నేను ఒక ఖాళీ ఆట మీద ప్రయోగాలు చేసి మెనూ అంతా ఛేదించాను. పైనుంచి మొదటిది ఆట కొనసాగించడం, రెండోది శబ్దం, మూడోది రేవును చెరిపేయడం, నాలుగోది సేవ్ చేయడం. మూడోదాని జోలికి వెళ్లకూడదు. నాలుగోది నొక్కి, అడిగినప్పుడల్లా కుడివైపుకి జరిపి నొక్కితే ఖలాస్, రేవు భద్రం. కళ్లు మూసుకుని చేసి చూపించేవాణ్ణి. మా పక్క ఫ్లాటు మల్లేశం అది చూసి చప్పట్లు కూడా కొట్టాడు. మల్లేశం జగిత్యాల మనిషి, ఏసీలు బాగుచేస్తాడు.

అలా చాలాకాలం నడిచింది. ఇక ఆ ఆదివారం.

నాకు సెలవు, సునీతకు డ్యూటీ. భోజనం చేసి కూర్చున్నానో లేదో ఫోను.

"ఏవండీ, వచ్చేసిందంట."

"ఎవరొచ్చారు?"

"ఇంగ్లీషండీ. మూడో భాగానికి ఇంగ్లీషు ఇచ్చేశారంట. గుంపులో అందరూ ఏడుస్తున్నారు."

"వచ్చాక ఏడవడం ఎందుకు?"

"సంతోషంతో. అప్‌డేట్ పెట్టి ఉంచండి, నేను ఏడింటికొచ్చి చూసుకుంటా. ఇంకేం ముట్టుకోకండి."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

అప్‌డేట్ పెట్టాను. ఆట తెరిచి మెనూలోకి వెళ్లాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు తళతళలాడాయి. చూసి చాలా సంతోషించాను. చూశానంటున్నాను, గమనించండి. చదివానని అనలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ నేను జాగ్రత్తపరుణ్ణి. కొత్త అప్‌డేట్ కదా, ఏ లోపం ఉంటుందో ఏమో, ముందు రేవును సేవ్ చేసిపెడితే మంచిదనిపించింది. కిందికి, కిందికి, కిందికి. నాలుగు. నొక్కాను. ఏదో అడిగింది. కుడి, నొక్కు. మళ్లీ అడిగింది. కుడి, నొక్కు. ఈసారి ఇంకోసారి కూడా అడిగింది. ఇంగ్లీషు వచ్చింది కదా, మర్యాద పెరిగిందనుకున్నాను. కుడి, నొక్కు. టీ గ్లాసు అందుకున్నాను.

తెర నల్లబడి, మళ్లీ వెలిగింది. విరిగిన గట్టు మీద ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. 'స్వాగతం. ఈ రేవు చాలాకాలంగా ఖాళీగా ఉంది,' అన్నాడు ఇంగ్లీషులో. ఆ ఆటలో నేను చదివిన మొదటి ఇంగ్లీషు వాక్యం అదే.

మెనూ తెరిచి, ఈసారి చదివాను. అన్నిటికంటే పైన 'భాష' అని ఒక కొత్త వరుస చేరింది. అది పైన కూర్చుని, కిందివాటన్నిటినీ ఒక్కో మెట్టు కిందికి తోసింది. సేవ్ అయిదోదైంది. నాలుగో చోట 'డిలీట్' నిలబడి ఉంది, నూతి దగ్గర కొత్తకోడలిలా ఏమీ ఎరగనట్టు. ఏ ఇంగ్లీషు కోసం గుంపంతా అన్నాళ్లు ఏడ్చిందో, ఆ ఇంగ్లీషు కోసం వేసిన వరుసే రేవును ముంచింది.

తలుపు తీసే ఉంది. మల్లేశం లోపలికి తొంగిచూశాడు.

"ఏందన్నా, మొఖం గట్లున్నది?"

"పడవలు పోయాయి, మల్లేశం."

"ఏ పడవలు? చేపలకు వోయినోల్లయా?"

"సునీతవి. ఆటలోవి. నేనే చెరిపేశాను."

మల్లేశం మెల్లగా కూర్చున్నాడు. "బంద్ చేసి మల్ల ఆన్ చేసినవా?"

"చేశాను."

"ఇంకోపారి చెయ్." ఏసీలకు ఆ వైద్యం పనిచేస్తుందేమో గాని, మాకు మళ్లీ ముసలాయనే స్వాగతం చెప్పాడు.

"వదినెకు ఎర్కనా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎరికైతే నేనింకా ఈ ఇంట్లో ఉంటానా?"

"అయితె మనమే మల్ల కడదాం. యల్లా, ఇటియ్యి. నువ్వు చెప్పు, నేను నొక్కుత. ముందుగాల గట్టు కడత. పడవలు ఎన్నుండె?"

ఠక్కున చెప్పాను.

"ఇగ పేర్లు చెప్పు."

హమీద్ చాచా, లూసీ, భాయ్ అని ఆగిపోయాను. ఎన్ని పడవలో చెప్పగలను, ఏది ఎంత పొడుగో చెప్పగలను. ఎవరి పేర్లో నాకు తెలియదు. అప్పుడు నిజంగా భయమేసింది. పోయింది ఆట కాదు. ఆవిడ చేతుల మీదుగా బతికి బయటపడ్డవాళ్ల పేర్లు అక్కడ తప్ప ఇంకెక్కడా లేవు.

"గా గుంపునే అడుగుదం అన్నా," అన్నాడు మల్లేశం. "గంత మందిల ఎవలకన్న ఎర్కుంటది."

కొత్త పేరుతో గుంపులో చేరి, గబగబా ఇంగ్లీషులో రాశాను: 'అత్యవసరం. నా భార్య రేవు పొరపాటున చెరిగిపోయింది. ఆమె నర్సు. ఏడింటికి వస్తుంది. అంతలో తిరిగి తెచ్చే ఉపాయం చెప్పండి. నేను నాలుగోది నొక్కాను.'

అక్కడ పండగ జరుగుతోంది. ఒకాయన నాకు కూడా శుభాకాంక్షలు చెప్పాడు. ఇంకొకాయన, బహుశా పూర్తిగా చదివినవాడు, నా ఆత్మకు శాంతి కోరాడు. గోళ్లు అయిపోయి వేళ్ల దాకా వచ్చాను. అప్పుడు 'లైటుహౌస్' అన్న పేరుతో ఎవరో విడిగా పలకరించారు.

'ఏమేం నొక్కారు?'

'నాలుగోది. తర్వాత కుడి, కుడి, కుడి.'

'నాలుగోది అంటే, దాని మీద ఏమని రాసుంది?'

'చదవలేదు.'

'మీకు ఇంగ్లీషు వచ్చా?'

'వచ్చు.'

'మరి ఎందుకు చదవలేదు?'

"గీయన పోలీసా?" అన్నాడు మల్లేశం, తెర మీంచి తల ఎత్తకుండానే.

'కొత్త ఆట మొదలుపెట్టారా?' అని లైటుహౌస్.

'మొదలుపెట్టాం. గట్టు కట్టాం.'

'సేవ్ చేశారా?'

పక్కకి చూశాను. మల్లేశం బొటనవేలు అయిదో వరుస మీద ఉంది.

"మల్లేశం, ఆపు."

"గట్టు మస్తుగచ్చిందన్నా. పోతదేమోనని సేవ్ చేస్తున్న."

"బాబ్బాబు, చెయ్యి తియ్యి."

తీశాడు. సేవ్ చేయలేదని రాశాను.

'బతికించారు. చేసి ఉంటే ఆట దాచి ఉంచే పాత నకలు మీద కొత్తది పడేది. ఇప్పుడు మొదటి తెరకు రండి. అక్కడున్నవి పైనుంచి చదివి, ఒక్కొక్కటీ నాకు రాయండి.'

'మొదటిది—'

'నంబరు వద్దు. మాట రాయండి.'

రాశాను. ఒకటో తరగతి పిల్లాడు పలక మీద దిద్దినట్టు ఒక్కో మాటా కూడబలుక్కుని రాశాను. అన్నిటికీ అడుగున, ఇన్నాళ్లూ నా లెక్కలోకే రాని ఒక వరుస కనబడింది. 'అదేనా?' అని అడిగాను.

'నన్ను అడగొద్దు. ఏమని రాసుంది?'

'ముందటి డేటాను తిరిగి తెచ్చుకోవచ్చు అని రాసుంది.'

'మరి ఏం చేద్దామనుకుంటున్నారు?'

'అదే నొక్కుదామని.'

'నొక్కండి.'

నొక్కాను. తెర నల్లబడింది. నేను, మల్లేశం తెర మీదికి వంగాం. తర్వాత దూరంగా ఒక దీపం, దాని వెనక ఇంకొకటి.

"హమీద్ చాచా వస్తుండన్నా," అన్నాడు మల్లేశం. "గాయన ఎనక లూసీ."

నాకు కళ్లు చెమర్చాయి. ఆ తడిలోనే రాశాను: 'సార్, మీ మేలు ఈ జన్మలో మరవను. నా భార్యకు తెలియకుండా నా సంసారం నిలబెట్టారు.'

అప్పటిదాకా ఇంగ్లీషులో వచ్చిన జవాబులు ఒక్కసారి ఇంగ్లీషు అక్షరాల తెలుగులోకి మారాయి.

'ఏవండీ, సార్ కాదు. నా బ్రేక్ అయిపోయింది, వార్డులోకి వెళ్తున్నా. ఇంకేం ముట్టుకోకుండా పక్కన పెట్టండి. పక్కన మల్లేశం ఉండే ఉంటాడు, టీ ఇచ్చి పంపించండి.'

మల్లేశం టీ కోసం ఆగలేదు.

ఏడింటికి సునీత వచ్చింది. స్నానం చేసి, తల తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నేనేనని ఎలా తెలిసింది?" అన్నాను.

"లోకం మొత్తంలో ఈ ఆటని 'నాలుగోది' అని ఆడే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన మా ఇంట్లో ఉంటారు."

"మొదట్లోనే చెప్పొచ్చుగా. సగం ప్రాణం పోయింది."

"నాకు మాత్రం పోలేదా? చెబితే మీరు చదివేవారా? నాలుగోదా, అయిదోదా అని నన్నే అడిగి నొక్కేవారు."

ఆవిడ రేవు తెరిచి, ఒక్కో పడవ దగ్గర ఆగి, పేరు చూసి ముందుకు జరిగింది. నేను కుర్చీ అంచున కూర్చున్నాను. చివరి పడవ దాటాక, వార్డులో అందరి దుప్పట్లు సర్ది వచ్చిన గొంతుతో, "అందరూ ఉన్నారు," అంది.

కనుక పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ తెర మీదైనా, ఏ మిషన్ మీదైనా, దాని మీద ఏం రాసుందో పైనుంచి కిందిదాకా చదవకుండా మీట నొక్కను. ఈ ప్రమాణానికి మొదటి పరీక్ష మర్నాడే, మా బిల్డింగు లిఫ్టులో ఎదురైంది. అన్ని మీటలూ భక్తిగా చదువుతూ నిలబడ్డాను. వెనకాల జనం "ఏ అంతస్తు సార్?" అంటున్నారు, "ఉండండి, చదవనివ్వండి," అన్నాను. అక్కడున్నవన్నీ అంకెలేనని, వాటి సంగతి నాకు ముందే తెలుసునని గుర్తొచ్చేసరికి లిఫ్టు నన్ను బేస్‌మెంటులో దించింది.