మూర్తిగారి చెవి, చప్పుడు లేని సైకిలు

మా అపార్ట్‌మెంటులో ఒక పుకారు లిఫ్టు కంటే వేగంగా తిరుగుతోంది. మూడో అంతస్తు శ్రీరామ్మూర్తిగారు హాల్లో బోర్లా పడుకుని, నేలకి చెవి ఆనించి, కింద ఫ్లాటులో అప్పలసూరీ అతని పెళ్లామూ మాట్లాడుకునే మాటలు వింటున్నారట. శుద్ధ అబద్ధం. ఈ బిల్డింగులో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకునే పని ఎప్పటినుంచో నేను చూసుకుంటున్నాను. దానికి రెండో మనిషి అక్కర్లేదు. ఆయన పడుకున్న మాట నిజం, చెవి పెట్టిన మాట నిజం. తక్కిన సంగతి ఎదురింట్లో ఉన్న నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మూర్తిగారు ఏ వస్తువునీ కంటితో చూడరు, చెవితో చూస్తారు. ఆయన స్టీల్‌ప్లాంటులో మోటార్లు బాగుచేసే సెక్షన్లో చేసి రిటైరయ్యారు. అక్కడ వీళ్ళకో పద్ధతుందట. పొడవాటి స్క్రూడ్రైవరు మొనని తిరిగే మిషను మీద పెట్టి, పిడిని చెవికి ఆనించుకుంటే లోపల బేరింగుల క్షేమసమాచారాలు తెలుస్తాయట. ప్లాంటు ఆయన్ని వదిలిపెట్టింది గానీ ఆయన స్క్రూడ్రైవరుని వదిలిపెట్టలేదు. పెళ్ళికెళ్ళినా పేరంటానికొచ్చినా జేబులో అది ఉండాల్సిందే.

ఒకసారి మా ఇంటికి కాఫీకి వచ్చి, కాఫీ చల్లారబెట్టుకుని మరీ నా గ్రైండరుకి చెవి పెట్టారు.

“అక్కగారూ, దీనికి లోపల ఒంట్లో బాగోలేదండి.”

“పిండి బాగానే రుబ్బుతంది కదా బాబూ.”

“రుబ్బుతుందండి. బాధపడుతూ రుబ్బుతుందండి.”

ఆ తర్వాత వారం రోజులు ఇడ్లీ నా గొంతు దిగితే ఒట్టు.

గోపాలపట్నం బజార్లో పుచ్చకాయకి కూడా ఇదే వైద్యం. బండివాడు నోరు తెరుచుకుని చూసి, “కాయకి జొరమేటన్నా తగిలిందేటి బావూ,” అన్నాడు. ఆయన “ష్, మాట్లాడకండి,” అన్నారు. కూతురికి పెళ్ళిచూపులకని మగపెళ్ళివారు కార్లో దిగితే, ఈయన లోపలికి రాకుండా బానెట్ దగ్గరే ఉండిపోయారు. ఆయన భార్య తాయారు వంటింట్లోకి పిలిచి, “అబ్బాయి ఎలా ఉన్నాడండీ?” అని అడిగింది. “బెల్టు వదులుగా ఉంది,” అన్నారాయన. ఆ మాట హాల్లోకి వినబడి, ఆ పిల్లాడు పాపం మధ్యాహ్నమంతా ప్యాంటు పైకి లాక్కుంటూనే ఉన్నాడు.

ఇలాంటి మనిషికి షుగరొచ్చింది. డాక్టరు, “రోజూ సైకిలు తొక్కండి. మూడు నెలల్లో దిగకపోతే ఇంజెక్షన్లు మొదలెట్టాలి,” అన్నాడు. కాగుతున్న ఇనుము పక్కన బతుకంతా గడిపిన మనిషికి సూది అంటే ప్రాణభయం. రక్తపరీక్షకి వేలు చాపమంటే ముందు వీలునామా గురించి మాట్లాడతారు. మర్నాటినుంచే రోడ్డెక్కారు. నాలుగోనాడు ఒక కంటైనర్ లారీ హ్యాండిల్ని రాసుకుంటూ పోతే తుప్పల్లో పడ్డారు. దెబ్బలేం తగల్లేదు. ఒంటినిండా పల్లేరుకాయలతో ఇంటికొచ్చి, “ఆ లారీకి వెనక చక్రంలో ఏదో కొట్టుకుంటోంది తాయారూ, డ్రైవరుకి చెబుదామంటే ఆపలేదు,” అన్నారు. తాయారు సైకిలుకి తాళం వేసి, తాళంచెవి నా దగ్గర దాచింది.

అలా వచ్చింది ఈ స్మార్ట్ ట్రైనరు గొడవ. అంటే ఇంట్లో సైకిలుని ఒక మిషనుకి బిగించి నిలబెడతారు. ఎంత తొక్కినా గుమ్మం దాటదు. ఎదురుగా టీవీలో కొండ కనబడితే పెడలు దానంతటదే బరువెక్కుతుంది. సింహాచలం కొండ పక్కనే పెట్టుకుని టీవీలో కొండెక్కడమేమిటో నాకర్థం కాలేదు. అందుకే మిషను కొనడానికి వాళ్ళతోపాటు నేనూ వెళ్ళాను.

సిటీలో ఒక మేడ మీద ఆ షాపు. ఉమామహేష్ అనే కుర్రాడు మిషన్లు చూపించాడు. ఒకరకానికి సైకిలు వెనక చక్రం రోలరు మీద ఆనుతుంది. ఇంకోరకానికి వెనక చక్రం ఊడదీసి చైనునే మిషనుకి తగిలిస్తారు.

“రెండోది సైలెంట్ సార్. ఫ్యానంత సౌండు కూడా ఉండదు,” అన్నాడు.

“ఏ ఫ్యానండి?” అన్నారు మూర్తిగారు, జేబులోంచి స్క్రూడ్రైవరు తీస్తూ.

మొదటిదానికి చెవి పెట్టి మొహం చిట్లించారు. రెండోదానికి పెట్టి చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. ఉమామహేష్ ఆశగా చూస్తున్నాడు.

“పైన బాగానే ఉందండి. మీరు తొక్కుతూ ఉండండి, కింద వినొస్తాను.”

“కిందంటే ఎక్కడ సార్?”

“మీ కింద షాపండి.”

కింద ఉన్నది టైలరు షాపు. నేనూ ఆయన వెనకే దిగాను, దిగకపోతే ఎలా తెలుస్తుంది. స్టూలెక్కి శ్లాబుకి స్క్రూడ్రైవరు పెట్టిన మనిషిని చూసి టైలరు సత్యం టేపు మెడలోంచి తీసేసి లేచి నిలబడ్డాడు.

“ఎవరమ్మా ఈయన? మున్సిపాలిటీ వారా?”

“కాదు నాయనా, సైకిలు కొంటన్నారు.”

“మరి మా శ్లాబెందుకు?”

“నాకు తెలిస్తే నాను ఈ ఎండలో ఇక్కడికెందుకొత్తాను?”

వినడం అయ్యాక దిగి బుద్ధిగా రావాలా? కుట్టుమిషను చప్పుడు చెవినబడింది. దానికీ స్క్రూడ్రైవరు పెట్టారు, నూనె తెమ్మన్నారు, చక్రం విప్పారు. సత్యానికీ ఆయనకీ స్నేహం కలిసి టీ వచ్చింది. టీ తాగాక నాకు గుర్తొచ్చి పరుగున పైకి వెళ్ళాను. ఉమామహేష్ చొక్కా పిండుకునేలా తడిసి, నాలుక బయటపెట్టి ఇంకా తొక్కుతూనే ఉన్నాడు.

“ఆపొచ్చా ఆంటీ?”

“ఆపు నాయనా, ఆయన కుట్టుమిషను దగ్గరున్నారు.”

మూర్తిగారు పైకొచ్చి, “చప్పుడు లేదండి, కానీ అదురు దిగుతోంది. ఇంకోటి చూద్దాం,” అన్నారు. తాయారు నుదురు కొట్టుకుంది.

ఇంకోటి, ఇంకోటి, మరొకటి. ఊళ్ళో ఉన్న షాపులన్నీ అయ్యాయి. ఆ షాపుల కింద ఉన్న మందుల కొట్టు, ట్యూషను సెంటరు, ఒక పళ్ళ డాక్టరు కూడా అయ్యారు. పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరిచి ఉన్నావిడ పైకి చూసి, మూయడం మర్చిపోయిందట. డాక్టరిచ్చిన గడువులో ఒక నెల పోయింది, రెండో నెలా పోతోంది. షుగరు దిగలేదు సరికదా, తిరుగుళ్ళలో తాగిన టీలకి ఇంకాస్త ఎక్కింది.

ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. “మూర్తిబాబూ, మనముండేది దువ్వాడలో. గూడ్సుబండెల్తే గిన్నెలు గూట్లోంచి దూకుతాయి. ఇక్కడ కూకుని సప్పుడు లేని మిషను కావాలంటారేటి?”

“రైలు అందరిదీనండి. సైకిలు నాదండి,” అన్నారు.

ఇది జవాబేనా? తాయారూ నేనూ మొహాలు చూసుకున్నాం. చివరికి చక్రం ఊడదీసే రకంలోనే బరువైనది ఒకటి కొన్నారు. దాని కింద రబ్బరు పట్టా, పట్టా కింద చెక్క, చెక్క కింద మళ్ళీ దళసరి రబ్బరు బిళ్ళలు. ఎక్కి కూర్చుంటే మూర్తిగారి తల ఫ్యానుకి తగుల్తుందేమోనని తాయారు ఫ్యాను కట్టేసింది. ఇక హాయిగా తొక్కుతారనుకున్నాం. మూడో నెల చివర్లో పుకారు పుట్టింది. పేపరు బిల్లుకొచ్చిన మణికంఠ తలుపు సందులోంచి ఆయన నేల మీద పడుకుని ఉండటం చూశాడు. సాయంత్రానికి కింది అంతస్తుకి చేరింది.

మర్నాడు పొద్దున్న అప్పలసూరి భార్య జ్యోతిర్మయి మా ఇంటికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“పెద్దమ్మా, మా మాటలు ఆయనకెందుకు? మాయన పోర్టులో క్రేను మీద నైట్‌డ్యూటీ సేసొచ్చి పడుకున్నాడు గానీ, లేకపోతే పైకెల్లి ఏటని అడుగును. ఈ ఇల్లు కాళీ సేసేత్తాం.”

“నువ్వుండు, నాను కనుక్కుంటాను,” అని నేరుగా మూర్తిగారింట్లోకి వెళ్ళాను.

ఆయన సైకిలు పక్కన బోర్లా పడుకుని, గచ్చు మీద స్క్రూడ్రైవరు పెట్టి వింటున్నారు. నన్ను చూసి పెదవి మీద వేలు పెట్టుకున్నారు. నేను ఊరుకుంటానా. మోకాళ్ళు తిట్టుకుంటూ కూలబడి, స్క్రూడ్రైవరు లాక్కుని చెవికి పెట్టుకున్నాను. లోపల గుర్రు గుర్రుమని ఒకటే శబ్దం.

“ఇదేం బేరింగు?”

“బేరింగు కాదండి, సూరి. గురక.”

చెప్పి, లేచి సైకిలెక్కి కాసేపు తొక్కారు. దిగి మళ్ళీ విన్నారు. మొహం వెలిగింది, మళ్ళీ ఎక్కారు. వంటింట్లోంచి తాయారు వచ్చింది.

“రోజూ ఇదేనక్కయ్యగారూ. గురక ఆగిందంటే ఈయనా ఆగిపోతారు. నిన్న అతనొకసారి పక్కకి ఒత్తిగిల్లాడట, ఈయన సైకిలు మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. కూర చల్లారిపోయింది.”

“నేనూ ముప్పై ఏళ్ళు షిఫ్టులు చేశానండి,” అన్నారు మూర్తిగారు రొప్పుతూ. “పగటినిద్ర అండి, ఒకసారి చెడితే మళ్ళీ రాదు. అతని డ్యూటీ వారం వారం మారుతుంది, ఎప్పుడు పడుకుంటాడో తెలీదు. నిద్ర చాలక క్రేను మీద కునుకు తీస్తే కింద మనుషులుంటారు కదండీ.”

సూదంటే వణికే మనిషి రెండు నెలల గడువు షాపుల కింద శ్లాబులు వింటూ పోగొట్టుకున్నది ఇందుకన్నమాట. మిగిలిన నెలా ఆగి ఆగి తొక్కినా షుగరు దిగడం మొదలెట్టిందనీ, డాక్టరు ఇంజెక్షను ఊసు ప్రస్తుతానికి ఎత్తలేదనీ తాయారు చెప్పింది. సంతోషించాను. కానీ ఒళ్ళుమంట మాత్రం పూర్తిగా తగ్గలేదు.

“ఇంత బాగోతమెందుకు మూర్తిబాబూ? మొదటిరోజే కిందకెల్లి, ‘సూరీ, నాను పైన తొక్కితే నీ నిద్ర పాడవుతందా’ అని ఒక్కమాట అతన్నే అడగొచ్చు గదా?”

ఆయన తొక్కడం ఆపి నా వైపు జాలిగా చూశారు.

“అడిగితే ‘పర్లేదు మాస్టారూ, తొక్కుకోండి’ అంటాడండి. మంచోడు కదా. గురకైతే మొహమాటపడదండి.”