మాంసం లేని మటన్ దావత్

ఎవరైనా నా ముందుకు పనసకాయ తెచ్చి "వండితే అచ్చం మటన్‌లాగే ఉంటుంది" అంటే నేను చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోతాను. పిచ్చివాడనుకున్నా ఫర్వాలేదు. ఆ మాట నమ్మి ఒకసారి నా పెళ్లిని నా చేతులతోనే పొయ్యి మీద పెట్టాను. అడుగంటే దాకా పక్కన నిలబడి గరిటె తిప్పింది కూడా నేనే. ఎలాగో చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి.

అప్పట్లో నేను యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. అంటే హాస్టల్లో తింటూ, క్యాంటీన్లో చాయ్ తాగుతూ, లైబ్రరీ వైపు దూరం నుంచే గౌరవంగా చూస్తూ ఉండేవాణ్ణి. మా డిపార్ట్‌మెంట్‌లోనే షారోన్ ఉండేది. ఇల్లు తార్నాకలో. రేపల్లె నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. తండ్రి లేడు, తల్లి కరుణమ్మ గారు టీచరుగా చేసి రిటైరయ్యారు. నాది సిద్దిపేట దగ్గర పల్లె, వ్యవసాయం ఇల్లు. ఆదివారం మటన్ ఉడకకపోతే మా ఇంట్లో ఎవరికో జ్వరమని చుట్టుపక్కలవాళ్లు పలకరించడానికి వచ్చేవారు.

షారోన్, నేను పెళ్లి చేసుకోవాలనుకున్నాం. మా అమ్మ "పిల్ల మంచిదైతే సాలు" అనేసింది. కరుణమ్మ గారు మాత్రం అవుననలేదు, కాదనలేదు. "ఒకసారి ఇంటికి రమ్మను, చూస్తాను" అన్నారట. ఆ చూడటంలోనే మా బతుకు తేలుతుందని ఇద్దరికీ తెలుసు.

ఆవిడ రమ్మన్నది ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలంలో. ఆ నలభై రోజులూ వాళ్లింట్లో మాంసం ముట్టరు. ఒక శనివారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన, తర్వాత భోజనాలు, దానికి నన్నూ పిలిచారు.

"ఖాళీ చేతులతోటి ఎట్ల వస్త? వంటంత నేనే చేసుకొస్త" అన్నాను షారోన్‌తో, క్యాంటీన్లో.

"ఏం వద్దు. పండ్లు తీస్కొని రా. అమ్మ చూస్తానంది నిన్ను, నీ వంటను కాదు."

"మీ అమ్మకు మటనంటే పానమని నువ్వే అన్నవ్ కదా."

"అందుకే మానేసింది. ఇష్టమైనది మానేస్తేనే కదా ఉపవాసం."

"నేను మాంసం లేకుండ మటన్ దావత్ చేస్త. ఉపవాసం ఉపవాసమే, రుచి రుచే. మీ అమ్మ జిందగీల మర్చిపోదు."

షారోన్ కప్పు కింద పెట్టి నా వైపు చాలాసేపు చూసింది. "నరేందర్, పండ్లు తెస్తే చాలు" అంది మళ్లీ. ఆడపిల్ల ఒకే మాట రెండుసార్లు మెల్లగా చెప్పిందంటే వినాలని నాకు అప్పటికింకా తెలియదు. మర్చిపోదని నేనన్న మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, పనసకాయతోటి మటన్ కూర చేస్తున్న. నీ మసాలా జర పంపు."

"పనసకాయతోటి మటనేంది బిడ్డా? మటన్‌తోటి చెయ్యరాదు?"

"మాంసం వద్దమ్మా. షారోన్ వాళ్లింటికి తీస్కపోవాలె. అచ్చం మటన్ లెక్కనే ఉండాలె."

"ఎందుకొద్దు?"

శ్రమకాలం గురించి ఫోన్లో ఎక్కడ చెబుతాంలే అనిపించింది. "గదంత నీకెందుకమ్మా, నువ్వైతే పంపు" అన్నాను. చదువుకున్న కొడుకులు తల్లులకు ఇచ్చే జవాబు ఇదే కదా. "సరే బిడ్డా, నువ్వు పికర్ చెయ్యకు" అంది అమ్మ. నేనూ చెయ్యలేదు. చెయ్యాల్సిన ఫికర్ అంతా అక్కడే మొదలైందని ఎవరు చెప్పారు నాకు? ఊళ్లోవాళ్లెవరో పట్నం వస్తుంటే వాళ్ల చేతికిచ్చి నిండు సీసా పంపింది. మూత తీయగానే గది గదంతా పండగలా ఘుమఘుమలాడింది.

శనివారం పొద్దున్నే అడిక్‌మెట్‌లో నా దోస్తు యాదగిరి గదిలో పొయ్యి వెలిగించాను. మటన్ కూరకు పనసకాయ, కీమాకు నానబెట్టి పిండిన మీల్‌మేకర్, పేగుల బోటికి పుట్టగొడుగులు, పక్కన బగారన్నం. ఎముక లేని మటన్ కూర ఎక్కడైనా ఉందా? అందుకని మునగకాడలు పొట్టిగా కోసి వేశాను. ఆ ఆలోచన వచ్చినప్పుడు నా వీపు నేనే తట్టుకున్నాను. అన్నిట్లోనూ అమ్మ మసాలా ధారాళంగా పడింది.

యాదగిరి ఒక ముక్క నోట్లో వేసుకుని నమలడం ఆపేశాడు.

"అరేయ్, నిజం చెప్పు. ఇది పనసకాయనే?"

"కోసేటప్పుడు నువ్వే చూస్తివి కదరా."

"చూసిన. గందుకే భయమైతున్నది."

ఇంటి ఓనరు కిటికీలోంచి తొంగిచూసి ఇవాళ దావత్ ఎవరిదని అడిగి వెళ్లాడు. నా ఛాతీ ఉప్పొంగింది. గిన్నెలన్నీ మూటకట్టుకుని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని, కొత్త పెళ్లికొడుకులా తార్నాక వెళ్లాను. దారిలో ఆటో డ్రైవర్ రెండుసార్లు వెనక్కి తిరిగి గిన్నెల వైపు ఆశగా చూశాడు.

కరుణమ్మ గారు తెల్లచీరలో, టీచర్ల కళ్లద్దాలతో గుమ్మంలోనే ఎదురయ్యారు. "వందనాలు బాబూ, లోపలికి రా" అన్నారు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. వాళ్ల పాస్టరు గారిని అందరూ అయ్యగారంటారు. ఆయన పచ్చళ్ల వైపు చూడకుండా నేరుగా నా గిన్నెల దగ్గరికే వచ్చి కూర్చున్నారు.

"అంతా కూరగాయలే అయ్యగారూ" అన్నాను వినయంగా. ఆ వినయం వెనక ఎంత పొగరుందో నాకే తెలుసు.

మొదటి ముద్దకు గదిలో మాటలు ఆగిపోయాయి. అయ్యగారు మునగకాడ తీసుకుని, మూలుగ ఎముకను జుర్రినట్టు కళ్లు మూసుకుని జుర్రారు. నేను షారోన్ వైపు చూసి కళ్లెగరేశాను. షారోన్ మాత్రం వాళ్లమ్మను చూస్తోంది. కరుణమ్మ గారు తినడం ఆపి, చెయ్యి పళ్లెంలోనే ఉంచి, కళ్లద్దాల పైనుంచి నన్ను చూస్తున్నారు.

"బాబూ, ఇది మాంసం."

"కాదాంటీ, పనసకాయ."

"ముప్పై ఏళ్లు పిల్లల అబద్ధాలు దిద్దినదాన్ని. అరవై ఏళ్లుగా మటన్ తింటున్నదాన్ని. ఇది మాంసం."

అప్పుడే ఆ ఇంటి పిల్లి వచ్చింది. పాపం అది కూడా శ్రమకాలంలోనే ఉంది. కింద పడ్డ మీల్‌మేకర్ నాకి, నా కాలికి ఒళ్లు రాసుకుంటూ, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు అరవడం మొదలుపెట్టింది.

"మా పిల్లి ఇంతవరకూ కూరగాయలు తిన్న పాపాన పోలేదండి అయ్యగారూ" అన్నారు కరుణమ్మ గారు, చాలా నెమ్మదిగా. "అబ్బాయి మన ఉపవాసాన్ని పరీక్షకు పెట్టాడు."

ఆ మాటకు నాకు నిజంగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర మాడినవాణ్ణి. లేచి నిలబడ్డాను. "ఆంటీ, ఇందుల ఒక్క మాంసం ముక్క ఉన్నా నేను మళ్ల ఈ గడప తొక్క. షారోన్ పేరు గూడ ఎత్త."

షారోన్ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది.

"మసాలా ఎవరు చేశారు?" అడిగారు కరుణమ్మ గారు.

"మా అమ్మ."

"అయితే అమ్మనే అడుగు."

ఇంతకంటే మంచి సాక్షి నాకెక్కడ దొరుకుతుంది? ఫోన్ తీసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి, చాప మధ్యలో ఉంచాను. ఆ స్పీకరు ఎవరు పెట్టమన్నారని అడగకండి. ఎవరూ పెట్టమనలేదు.

"ఏం బిడ్డా, కూర మంచిగైందా?"

"మంచిగైందమ్మా. ఈడ అందరు ఇంటున్నరు. నీ మసాలల మాంసం లేదని జర చెప్పు."

"ముక్కలైతే ఎయ్యలే బిడ్డా" అంది అమ్మ.

నేను గెలిచినట్టు అందరినీ ఒకసారి చూశాను.

"ఒట్టి తునకలు ఏయించి దంచి కలిపిన" అంది అమ్మ.

ఒట్టి తునకలంటే మా వైపు మటన్‌ను ఉప్పు పసుపు పట్టించి, దండెం మీద ఎండబెట్టి దాచుకునే ముక్కలు. ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ అది అర్థమయ్యేది కాదు. కానీ అమ్మ వివరంగా చెప్పుకుంటూ పోయింది.

"ఎండిన మటనే గదా, కరాబ్ గాదు. ఉత్త పనసకాయకు రుసి యాడికెళ్లి వస్తది? మాంసం ఎందుకొద్దంటే చెప్పవైతివి. కొనతందుకు పైసల్లేవేమో, సిగ్గుపడుతున్నవేమో అనుకున్న. అత్తగారింట్ల నా కొడుకు ఇజ్జత్ పోవద్దని డబ్బల ఉన్నయన్నీ దంచిన."

"అమ్మా, వాళ్లు ఉపవాసముంటరే."

"అయ్యో, గా ఒక్క మాట ముందుగాల చెప్పొద్దా కొడుకా? ఉపాసమోళ్లకు నేను గట్ల పెడ్తనా?"

నేను నేల చూశాను. తప్పు అమ్మది కాదు, ఆమెకు జవాబు చెప్పడానికి బద్ధకించిన నాది. గిన్నెలు అక్కడే వదిలి చెప్పుల వైపు నడిచాను. గడప తొక్కనని అందరి ముందూ అన్నానాయె.

"ఆగు బాబూ" అన్నారు అయ్యగారు. ఆయన పళ్లెం అప్పటికే అద్దంలా ఉంది. "టీచరు గారూ, అబ్బాయి ముక్క ఉంటే అన్నాడు. పొడి సంగతి ఏమీ అనలేదు."

కరుణమ్మ గారి పెదవులు కదిలాయి. ఆవిడ నవ్వును ఆపుకుంటున్నారని పోల్చుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఫోన్ తీసుకుని "వదినగారూ, వందనాలండి. కొడుకు పరువు కోసం డబ్బా ఖాళీ చేసుకున్నారు, నిజమూ దాచలేదు. మీతో నేను పెళ్లి మాటలు మాట్లాడుకోగలను" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి టీచరు గొంతుతో తీర్పు చెప్పారు.

"నా ఉపవాసం నీవల్ల పోయింది. కాబట్టి ఈస్టరు దాకా నువ్వూ ఉండాలి. రోజూ సాయంత్రం ఇక్కడికొచ్చి, నా కళ్లముందు నేను వండిన పప్పుచారు తినాలి."

తిన్నాను. ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. ఆ పప్పుచారు తింటూ తింటూనే ఆ ఇంటి అల్లుణ్ణయ్యాను. ఇప్పుడు ప్రతి ఈస్టరుకూ ఇద్దరు వియ్యపురాళ్లూ కలిసి ఒట్టి తునకల మసాలాతో అసలైన మటన్ వండుతారు. శ్రమకాలం మొదలవగానే ఆ సీసా అత్తగారి బీరువాలోకి వెళ్లి తాళం పడుతుంది. ఆ తాళంచెవి నాకు తప్ప ఇంట్లో అందరికీ దొరుకుతుంది. పిల్లికి కూడా అనుకుంటాను.

కనుక పాఠకుల సమక్షంలో, ఆనాటి మునగకాడల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో పనసకాయను మటన్ అనను, ఎందుకని అమ్మ అడిగితే "నీకెందుకు" అనను. ఫోన్‌లో స్పీకరు గుర్తు ఎక్కడుంటుందో కూడా మర్చిపోయాను.